ఫోన్ దాటని బొమ్మలు: తిరుపతిలో ఒక డిజిటల్ ఆర్ట్ కేసు

వచ్చినప్పటి పరిస్థితి

తిరుపతిలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న అమ్మాయి, ఇల్లు చంద్రగిరి దారిలో. రెండేళ్లుగా ఫోన్‌లో ఐబిస్ పెయింట్ పెట్టుకుని వేలితోనే బొమ్మలు వేస్తోంది. బొమ్మలు నేర్పే మా దగ్గరికి రెండు ఫిర్యాదులతో వచ్చింది: ఎంత వేసినా చెయ్యి మెరుగుపడటం లేదు, పెట్టిన బొమ్మల్ని క్లాసులోవాళ్లూ చుట్టాలూ తప్ప ఎవరూ చూడటం లేదు.

ఇలాంటి కేసులో ముందు ఫైళ్లు తిరగేయాలి. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టిన నాలుగు మంచి బొమ్మలు చూసి అంచనా వేస్తే తప్పిపోతాం. ఆమె గ్యాలరీలో 212 ఫైళ్లున్నాయి. వాటిలో తను పూర్తయ్యాయని ఒప్పుకున్నవి 9. మిగతావాటిలో సగానికి పైగా లైన్ ఆర్ట్ దగ్గరే ఆగిపోయాయి. దాదాపు అన్నీ భుజాల దాకా వేసిన ముఖాలు, అవీ ఎడమకు ముప్పావు తిరిగినవి, అంటే ఒక చెంప నిండుగా, రెండోది కొంచెమే కనిపించేవి. కుడిచేతివాటం వాళ్లకు ఆ వంపు సులువుగా వస్తుంది కాబట్టి చెయ్యి అటే పోతుంది. చేతులు ఉన్న బొమ్మలు ఆరంటే ఆరే, అందులోనూ నాలుగింటిలో చేతులు వీపు వెనక దాక్కున్నాయి. కాన్వాస్ ప్రతిసారీ 1000×1000 పిక్సెళ్లు. రిఫరెన్స్ ఫోల్డర్ నిండా వేరేవాళ్లు వేసిన బొమ్మల స్క్రీన్‌షాట్లు. కంటితో చూసి వేసిన వస్తువు ఒక్కటీ లేదు, ఇంట్లో చెంబు కూడా.

రెండు ఫిర్యాదులకూ మూలం ఒకటేనని అక్కడే తేలింది. ఆమె చూసేది ఫోన్‌లో, వేసేది ఫోన్‌లో, చూపించేదీ ఫోన్‌లోనే. వేరొకరు సరళం చేసి వేసిన ముక్కును మళ్లీ సరళం చేస్తే అసలు ముక్కు ఎలా ఉంటుందో ఎప్పటికీ తెలీదు. అలాంటి ముఖాన్నే లక్షలమంది వేస్తుంటే తిరుపతిలో ఒక అమ్మాయి వేసిందని ఆగి చూసేవాళ్లూ ఉండరు. అందుకని 24 వారాల ప్రణాళికను రెండు ముక్కలు చేశాం. మొదటి సగం బయటి లోకాన్ని చూసి వెయ్యడం, రెండో సగం వేసినదాన్ని కాగితం మీదికి, అక్కడి నుంచి ముక్కూమొహం తెలియనివాళ్ల చేతుల్లోకి పంపడం.

పరికరాలు, మొదటి వారం తంటాలు

ఇంట్లో అన్న వాడేసి పక్కన పెట్టిన ల్యాప్‌టాప్ ఉంది. 4 జీబీ ర్యామ్, 1366×768 తెర. దానికి వన్ బై వాకమ్ చిన్న సైజు పెన్ ట్యాబ్లెట్ (పెన్నుతో గీస్తే గీత కంప్యూటర్ తెర మీద పడే పలక) జత చేశాం. గీసే జాగా 152×95 మిల్లీమీటర్లు, ఒత్తిడి స్థాయిలు 2048. పిల్లలు 8192 స్థాయిలున్నదే కావాలని పట్టుబడతారు. కొత్త చేతికి ఆ తేడా అందదు, మిగిలే ఆ డబ్బుతో ర్యామ్ వేయించుకుంటే ఉపయోగం. సాఫ్ట్‌వేర్ క్రిటా, పూర్తిగా ఉచితం. ఫోన్‌లో ఐబిస్ పెయింట్ తీసెయ్యమనలేదు. బస్సులో రంగుల ఆలోచనలు రాసుకోవడానికి అది చాలు.

మొదటి రోజు సమస్య: పెన్ను ఎంత నొక్కినా గీత లావు ఒకటే. ఇది చెడిపోయిన పెన్ను లక్షణం కాదు. విండోస్‌లో పెన్ను సమాచారం ప్రోగ్రామ్‌కు చేరడానికి విన్‌ట్యాబ్ అని ఒక దారి, విండోస్ ఇంక్ అని ఇంకో దారి ఉన్నాయి. ట్యాబ్లెట్ డ్రైవర్ ఒక దారిలో పంపుతుంటే క్రిటా ఇంకో దారిలో ఎదురుచూస్తూ కూర్చుంటుంది. డ్రైవర్‌లో విండోస్ ఇంక్ టిక్కు ఉందో లేదో చూసి, క్రిటా ట్యాబ్లెట్ సెట్టింగ్స్‌లో దానికి సరిపోయేది ఎంచుకుని, క్రిటాను మూసి తెరిస్తే సర్దుకుంది.

రెండో సమస్యను ఆమె సమస్యగానే గుర్తించలేదు. పెన్ను పట్టాక ముఖాలన్నీ బుగ్గలు ఉబ్బి వస్తుంటే, "నాకు కొలతలు రావు" అనుకుంటూ మూడు రోజులు బాధపడింది. తప్పు చేతిది కాదు. ట్యాబ్లెట్ వెడల్పును ఎత్తుతో భాగిస్తే 1.6. తెర 1366ను 768తో భాగిస్తే దాదాపు 1.78. డ్రైవర్ మొత్తం ట్యాబ్లెట్‌ను మొత్తం తెరకు సాగదీస్తుంది కాబట్టి అడ్డంగా మిల్లీమీటరుకు సుమారు 9 పిక్సెళ్లు, నిలువుగా సుమారు 8 పడతాయి. చెయ్యి గుండ్రంగా తిప్పిన సున్నా తెర మీద 11 శాతం అడ్డంగా సాగి కోడిగుడ్డులా అవుతుంది. డ్రైవర్‌లో 'ఫోర్స్ ప్రపోర్షన్స్' టిక్కు పెడితే వాడే ఎత్తు 95 నుంచి దాదాపు 85.5 మిల్లీమీటర్లకు తగ్గుతుంది. అడుగున తొమ్మిదిన్నర మిల్లీమీటర్ల పట్టీ వృథా అయినా సున్నా సున్నాలా వస్తుంది. పరీక్ష సులభం: ఐదు రూపాయల నాణెం ట్యాబ్లెట్ మీద పెట్టి చుట్టూ గీసి, తెర మీద వచ్చిన గీతను స్కేలుతో అడ్డంగా, నిలువుగా కొలవాలి. కొత్తగా ట్యాబ్లెట్ కొన్న ప్రతివాళ్లూ మొదటి గంటలో చెయ్యాల్సిన పని ఇది.

ట్యాబ్లెట్‌ను తెరకు సమాంతరంగా పెట్టడం కూడా అంతే ముఖ్యం. నోటుపుస్తకంలా కొంచెం పక్కకు తిప్పి పెట్టుకుంటే గీతలన్నీ అదే కోణంలో ఒరుగుతాయి.

ఫోన్ అద్దాన్ని నొక్కి నొక్కి ఆమె చెయ్యి బరువెక్కింది. క్రిటాలో ఒత్తిడి వంపును (ఎంత నొక్కితే గీత ఎంత లావవ్వాలో చెప్పే రేఖను) మధ్యలో కొంచెం కిందికి లాగితే, మామూలుగా నొక్కినప్పుడు సన్నగీత, గట్టిగా నొక్కితేనే లావుగీత వస్తాయి. నెలన్నరలో చెయ్యి తేలికయ్యాక ఆ రేఖను మళ్లీ తిన్నగా చేశాం. అప్పటికే నిబ్బు ఒక పక్కకు అరిగి ఉలిలా తయారైంది. అలాంటి నిబ్బు ట్యాబ్లెట్ మీద గీరుతుంది, పెట్టెలో వచ్చే విడి నిబ్బు వెంటనే మార్చాలి.

4 జీబీ ర్యామ్ లెక్క కూడా ఆమె చేతే వేయించాం. 8 బిట్ రంగులో ఒక్కో పిక్సెల్‌కు 4 బైట్లు. ఏ3 సైజు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) కాన్వాస్ అంటే 3508×4961 పిక్సెళ్లు, నిండుగా రంగు పడ్డ ఒక్కో లేయర్ (ఒకదాని మీద ఒకటి పరిచే పొర) దాదాపు 70 ఎంబీ. ఇరవై లేయర్లయితే 1.4 జీబీ, దాని మీద అన్‌డూ (వేసింది వెనక్కి తీసే) చరిత్ర. 16 బిట్ పెట్టారంటే అంతా రెట్టింపు. ల్యాప్‌టాప్ ఎందుకు ఉక్కిరిబిక్కిరి అవుతోందో అర్థమయ్యాక లేయర్లు వాటంతట అవే తగ్గాయి: స్కెచ్, గీత, చదును రంగులు, నీడ, వెలుగు. ఐదు.

కంటికి బడి

వారానికి ఐదు రోజులు, రోజుకు 75 నిమిషాలు. పది నిమిషాలు గీతలు, ఇరవై ఐదు నిమిషాలు చూసి వెయ్యడం, నలభై నిమిషాలు ఆ వారం బొమ్మ. గీతల సాధనలో రెండు చుక్కలు పెట్టి వాటిని ఒక్క విసురుతో కలపాలి, చెయ్యి వైపు చూడకూడదు. గీత వణికితే ఆ వణుకును సాఫ్ట్‌వేరే సరిచేసే స్టెబిలైజర్ పెంచేస్తారు చాలామంది. అది కర్ర ఊతం లాంటిది. మొదటి ఆరు వారాలు దాన్ని ఆపేసి ఉంచాం.

చూసి వెయ్యడానికి తిరుపతికి మించిన ఊరు అరుదు, ఊళ్లోవాళ్లకు అది కనబడదు అంతే. మొదట గోవిందరాజస్వామి గుడి ఏడంతస్తుల గోపురం. గుడి బయట వీధిలో నిలబడి, నోటుపుస్తకం, పెన్సిల్, ఇరవై నిమిషాలు. ఆమె మొదటిసారి అందరూ చేసే తప్పే చేసింది: మొదటి అంతస్తులో శిల్పాల ముఖాలతో మొదలుపెట్టి, ఇరవై నిమిషాలకు మూడు బొమ్మలు, పైన ఖాళీ ఆకాశం. రెండోసారి నియమం పెట్టాం. ముందు గోపురం మొత్తానికి రెండు వాలుగీతలు, తర్వాత అంతస్తుల అడ్డగీతలు, పైకి పోయేకొద్దీ అంతస్తు ఎత్తు తగ్గడాన్ని పెన్సిల్‌తో కొలవడం, చివరి ఐదు నిమిషాలు మూడే ఛాయలు: ఎండ పడ్డ వైపు, నీడ వైపు, గూళ్ల లోపలి చీకటి. శిల్పాలు వెయ్యలేదు. అయినా దూరం నుంచి చూస్తే శిల్పాలున్నట్టే కనిపించింది, గూళ్ల చీకట్లు సరైన చోట పడ్డాయి కాబట్టి.

చంద్రగిరి కోటలో మూడంతస్తుల రాజమహల్ ముందు వరుస కమానులు పర్‌స్పెక్టివ్‌కు (దూరం పోయేకొద్దీ వస్తువులు చిన్నగా కనిపించే లెక్కకు) తయారుగా ఉన్న పాఠం. అక్కడ వేసిన స్కెచ్‌ను ఇంటికొచ్చి క్రిటాలో పర్‌స్పెక్టివ్ గీతలు చూపే అసిస్టెంట్ టూల్‌తో సరిచూసుకుంది. ఇక్కడ దొర్లే తప్పు: ఒక కమాను వేసి, కాపీ చేసి, చిన్నది చేస్తూ వరుసగా అతికించడం. కమాను చిన్నదవుతుంది కానీ, దాని లోపలి గోడ మందం పక్క నుంచి ఎంత కనిపించాలో మారదు, అట్టముక్కలు నిలబెట్టినట్టుంటుంది. ప్రతి కమానుకూ లోపలి అంచు విడిగా గీయాలి.

తిరుమల గుడిలోకి ఫోన్ తీసుకెళ్లనివ్వరు. దాన్నే సాధనగా మార్చాం. కంపార్ట్‌మెంట్‌లో కూర్చున్నప్పుడు ఎదుటి మనిషి కూర్చున్న తీరు ఐదు నిమిషాలు గమనించి, ఇంటికొచ్చాక జ్ఞాపకం మీద వెయ్యాలి. గోడకు జారగిలబడ్డ ముసలాయన, గుండు చేయించుకున్న పిల్లాణ్ణి ఒళ్లో పడుకోబెట్టుకున్న తల్లి. క్యూలో పోయే గంటలకు ఇంతకంటే మంచి పని లేదు! చేతుల కోసం పూలు కట్టేవాళ్ల వేళ్లు చూడమన్నాం. వేళ్లు ఎప్పుడూ కదులుతాయి, కానీ ఒకే కదలిక మళ్లీ మళ్లీ వస్తుంది, ఒక్కో చుట్టుకు కొంచెం చొప్పున పట్టుకోవచ్చు.

బొమ్మను సరిచూసుకోవడానికి రెండే అలవాట్లు నేర్పాం. క్రిటాలో ఎం నొక్కితే తెర అద్దంలోలా తిరగబడుతుంది, ఒరిగిన ముఖం అప్పుడు దొరికిపోతుంది. అన్నిటికంటే పైన ఒక నల్ల లేయర్ పెట్టి, బ్లెండింగ్ మోడ్ (కింది పొరలతో కలిసే తీరు) 'కలర్' చేస్తే బొమ్మ నలుపు తెలుపుల్లో కనిపిస్తుంది. మనిషీ వెనక గోడా ఒకే బూడిదలో కలిసిపోతే ఎన్ని రంగులు వేసినా ఆ బొమ్మ లేవదు.

శ్రీకాళహస్తి గీత

ఏడో వారంలో శ్రీకాళహస్తి కలంకారీ పని చూపించాం. పెడన, మచిలీపట్నం వైపు కలంకారీ అచ్చులతో అద్దేది, శ్రీకాళహస్తిది కలంతో గీసేది. వెదురు పుల్ల చివర చెక్కి, కొంచెం పైన గుడ్డ చుట్టి దారంతో బిగిస్తారు. రంగు ఆ గుడ్డలో ఉంటుంది, వేళ్లతో ఎంత నొక్కితే అంత దిగుతుంది. పెన్ ట్యాబ్లెట్ ఒత్తిడికి ఇంతకంటే మంచి పోలిక లేదు. కరక్కాయ, పాలు కలిపి పట్టించిన బట్ట మీద, ఇనుప ముక్కలూ బెల్లమూ ఊరబెట్టిన కసిమితో నల్లగీత వేస్తే అది చెరగదు. అన్‌డూ లేని గీత.

అన్‌డూ మీట కంట్రోల్+జెడ్ ఎన్నిసార్లు నొక్కుతోందో ఆమెనే లెక్కపెట్టమంటే ఒక్క కన్నుకు నలభైసార్లు నొక్కింది. ఒక వారంపాటు కలంకారీ నియమం: స్కెచ్ ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, చివరి నల్లగీతకు మాత్రం అన్‌డూ లేదు, తప్పితే గీతను లావు చేసి సర్దుకోవాలి. మొదటి మూడు బొమ్మలు ఘోరం. ఐదోదానికి గీత నెమ్మదించి, మొదలూ చివరా సన్నగా, మధ్యలో నిండుగా వచ్చింది. చీర అంచుల నుంచి కలంకారీ డిజైన్లు ఫోటో తీసి బొమ్మల వెనక అతికించడాన్ని మాత్రం ఒప్పుకోలేదు. నేర్చుకోవాల్సింది గీతను, డిజైన్ ఇంకొకరి కష్టం.

తొమ్మిదో వారంలో కేసు ఆగిపోయింది

బ్రహ్మోత్సవాల ఐదో రోజు రాత్రి జరిగే గరుడ సేవ వేస్తానంది. ఏ3 కాన్వాస్, వాహనం, మోసేవాళ్లు, గొడుగులు, జనం, రాత్రి దీపాలు. మూడు వారాలైనా స్కెచ్ దాటలేదు. 212 ఫైళ్లలో 203 ఆగిపోయిన జబ్బే మళ్లీ. కారణం బద్ధకం కాదు. ఆ బొమ్మలో తనకు రాని విషయాలు కనీసం నాలుగున్నాయి: రాత్రి వెలుగు, గుంపు, బంగారం, కింది నుంచి పైకి చూసే కోణం. ఒక్క బొమ్మలో ఒక్క కొత్త విషయానికి మించి పెట్టుకోకూడదని ఆ రోజు నుంచి గోడ మీద రాసి పెట్టుకుంది. ఇంకో సంగతి, ఆమె పెట్టుకున్న రిఫరెన్స్ ఎవరో తీసిన ఫోటో. కోణం, కూర్పు అంతా ఆ ఫోటోదే. పూర్తయినా తన బొమ్మ అని చెప్పుకోవడానికి ఉండదు.

ఆ ఫైలు పక్కన పెట్టించి, చిన్న సైజులో ఒక వరుస మొదలుపెట్టించాం. మే నెలలో జరిగే తాతయ్యగుంట గంగమ్మ జాతర వేషాలు. నాలుగు వేషాలు, ఒక్కో దాంట్లో ఒక్క మనిషి, నడుము దాకా. ఈ జాతర రంగుల పాఠానికి పుట్టినట్టుంటుంది. బైరాగి వేషానికి ఒళ్లంతా నామంకొమ్ము తెలుపు, బండ వేషానికి కుంకుమ ఎరుపు, తోటి వేషానికి బొగ్గు నలుపు, దొర వేషానికి గంధం.

తెల్లటి ఒంటికి ఆమె మొదట తెలుపే వేసి, నీడకు బూడిద వేసింది. సున్నం కొట్టిన గోడలా వచ్చింది. ఎండలో తెల్లగా పూసుకున్న ఒంటి నీడవైపు ఆకాశం నీలం పడుతుంది, కింది నుంచి నేల వేడి రంగు కొంచెం ఎగబాకుతుంది, కీళ్ల దగ్గర పూత పగిలి చర్మం కనిపిస్తుంది. అచ్చమైన తెలుపు భుజం మీద ఒక్క చోట చాలు, మిగతాదంతా ఒక మెట్టు కిందే ఉండాలి. కుంకుమ ఒంటికి నీడ కావాలని నలుపు కలిపితే ఎండిపోయిన నెత్తురు రంగవుతుంది. నీడను ముదురు మెరూన్ వైపు, వెలుగును నారింజ వైపు తిప్పాలి. వెలుగుకు తెలుపు కలిపితే గులాబీ రంగొచ్చి కుంకుమ కాస్తా ఐస్‌క్రీమ్ అవుతుంది. బొగ్గు ఒంటిని పూర్తి నలుపుతో నింపితే ఆకారమే పోతుంది. చీకటిని 15, 20 శాతం వెలుగు దగ్గర ఆపి, చెమట మెరిసే చోట నీలిబూడిద చుక్కలు పెట్టాలి. దొర వేషంలో చిక్కు వేరు. గంధం రంగు చర్మం రంగుకు దగ్గర, కాబట్టి తేడా రంగులో దొరకదు, పూత గరుకులో దొరుకుతుంది. అందుకు పొడి బ్రష్ ఒక్కటే వాడింది.

నాలుగు బొమ్మలూ పద్దెనిమిది రోజుల్లో పూర్తయ్యాయి. రెండేళ్లలో పూర్తయినవి తొమ్మిదైతే, మూడు వారాల్లోపు నాలుగు!

కాగితం మీదికి

డిజిటల్ ప్రింట్ షాపుకు మొదటిసారి పాత 1000 పిక్సెళ్ల బొమ్మ తీసుకెళ్లింది, పోస్టర్ సైజుకు.

"ఏం పాపా, ఇంత చిన్న ఫైలు తెస్తివి? పెద్దది చేస్తే పగిలిపోతాది."

"స్క్రీన్ మీద బాగానే ఉండాది గదన్నా."

"స్క్రీన్ మీద అన్నీ బాగానే ఉంటాయిమా. కాయితం మీదికొస్తే గదా తెలిసేది."

300 డీపీఐకి 1000 పిక్సెళ్లంటే మూడు అంగుళాల మీద కొంచెం. అంతకు మించి సాగదీస్తే పిక్సెళ్లు పగులుతాయి. జాతర వరుసను అందుకే మొదటి నుంచీ కార్డు సైజును లెక్కలో పెట్టుకుని వేయించాం.

సైజు లెక్క చూడండి, డబ్బు మిగిలేది ఇక్కడే. షాపుల్లో మామూలుగా దొరికే షీటు 12×18 అంగుళాలు. 4×6 కార్డులు తొమ్మిది పడతాయని కాగితం మీద లెక్క వస్తుంది. కానీ కటింగ్‌లో తెల్ల అంచు రాకుండా నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల బ్లీడ్ (కోతలో పోయే అదనపు రంగు అంచు) వదలాలి, మిషన్ షీటు అంచుదాకా ప్రింటు వెయ్యదు. అప్పుడు వరుసగా పేరిస్తే నాలుగే పడతాయి. కార్డును 3.5×5.5కు తగ్గిస్తే బ్లీడ్‌తో 3.74×5.74, అడ్డంగా మూడు, నిలువుగా మూడు, మొత్తం తొమ్మిది సరిగ్గా కూర్చుంటాయి, చుట్టూ అంచు కూడా మిగులుతుంది. అర అంగుళం తగ్గించినందుకు షీటుకు ఐదు కార్డులు ఎక్కువ. బ్లీడ్‌తో కలిపి 300 డీపీఐకి 1122×1722 పిక్సెళ్లు. వేసేటప్పుడు దానికి రెట్టింపు, 2244×3444లో వేసింది. ఒక్కో లేయర్ 31 ఎంబీ, పాత ల్యాప్‌టాప్ కూడా నవ్వుతూ మోసింది.

రంగుల దగ్గర మొదటి ప్రూఫ్ (పరీక్ష ప్రింటు) దెబ్బ కొట్టింది. తెర ఆర్‌జీబీ (ఎరుపు, ఆకుపచ్చ, నీలం వెలుగులు), ప్రింటు సీఎంవైకే (సయాన్, మెజెంటా, పసుపు, నలుపు సిరాలు). తెర మీద మండే ఎరుపు కాగితం మీద ఇటుక వైపు దిగింది, బొగ్గు వేషంలో నీలిబూడిద చుక్కలు సగం మునిగిపోయాయి. సిరా కాగితంలో కొంచెం పాకుతుంది కాబట్టి చీకటి ఛాయలు మరింత చీకటవుతాయి. ప్రింటుకు పంపే కాపీలో చీకట్లను ఒక మెట్టు లేపి, ఎరుపును క్రిటా సాఫ్ట్ ప్రూఫింగ్‌లో (ప్రింటు రంగును తెర మీదే అంచనాగా చూపేది) చూసుకుంటూ సర్ది, రెండో ప్రూఫ్ తీస్తే సరిపోయింది. మ్యాట్ ల్యామినేషన్ రంగులను ఇంకొంచెం అణుస్తుంది, కాబట్టి ప్రూఫ్ కూడా ల్యామినేషన్ వేయించే చూడాలి. కాగితం 300 జీఎస్‌ఎం (చదరపు మీటరుకు 300 గ్రాములు) ఆర్ట్ కార్డు. మొత్తం సరుకు ఆర్డర్ ఇచ్చే ముందు ఒక్క షీటు తీయించుకోవడానికి సిగ్గుపడకూడదు.

తెలుగు అక్షరాలు ఇంకో గండం. కార్డు వెనక 'తాతయ్యగుంట గంగమ్మ జాతర' అని రాసి ఫైలు ఇస్తే, షాపు ఫోటోషాప్‌లో 'య్య', 'మ్మ' వత్తులు ఊడి పక్కన నిలబడ్డాయి. పాత ఫోటోషాప్ వెర్షన్లలో టైప్ సెట్టింగ్స్‌లో దక్షిణాసియా భాషల ఆప్షన్ ఎంచుకోకపోతే జరిగేది ఇదే. చాలా డీటీపీ షాపులు ఇప్పటికీ యూనికోడ్ కాని పాత పద్ధతి అను ఫాంట్లతో నడుస్తాయి, వాటికి యూనికోడ్‌లో (ఫోన్లలో తెలుగు రాసే పద్ధతి) రాసింది అతికించినా గజిబిజే. దారులు రెండు: రామభద్ర, మండలి, సూరన్న లాంటి ఉచిత యూనికోడ్ ఫాంట్లతో తన దగ్గరే రాసి, అక్షరాలను బొమ్మగా మార్చి పంపడం, లేదా చేత్తో రాయడం. ఈ అమ్మాయి చేత్తో రాసింది. కలంకారీ వారం చేతికి నేర్పిన గీత ఇక్కడ తలకట్టుల్లో కనిపించింది.

జనం కంట్లోకి

మొదటి సరుకు నాలుగు షీట్లు, 36 కార్డులు, ఒక్కో వేషానికి తొమ్మిది. జాతర రోజులకు వారం ముందు మూడు చోట్ల పెట్టింది: ఒక స్టేషనరీ అంగడి, ఒక టిఫిన్ సెంటరు గల్లా పక్కన, కాలేజీ దగ్గర జిరాక్స్ షాపు. వెనక పేరు, ఇన్‌స్టాగ్రామ్ క్యూఆర్ కోడ్. టిఫిన్ సెంటర్లో పెట్టినవే ముందు అయిపోయాయి. దోసె కోసం ఎదురుచూసే పది నిమిషాలు ఖాళీగా ఉన్న కళ్లు ఇంకెక్కడా దొరకవు. జిరాక్స్ షాపులో ఒక్కటీ కదల్లేదు, అక్కడికొచ్చేవాళ్లంతా తొందరలో ఉంటారు.

ఇన్‌స్టాగ్రామ్‌లో రోజుకొకటి పెట్టడం మాన్పించాం. వారానికి ఒకటి, 1080×1350 నిలువు సైజు. మొదట పూర్తయిన బొమ్మ, రెండోది ఒక చిన్న చోటు దగ్గరగా, మూడోది నలుపు తెలుపు స్కెచ్. తెలుగులో రెండు లైన్లు: ఇది ఏ వేషం, ఒంటికి ఏం పూసుకుంటారు. చిత్తూరు, కడప, బెంగళూరుల్లో ఉన్న తిరుపతివాళ్లు కామెంట్లలో తమ ఇంటి జాతర కబుర్లు రాయడం మొదలుపెట్టారు. ముఖాల బొమ్మల కింద రెండేళ్లలో ఎవరూ అలా రాయలేదు. ఫాలోవర్ల అంకె మరీ పెద్దగా పెరగలేదు, ఆశించిందానికంటే తక్కువే. కానీ వచ్చినవాళ్లు ముక్కూమొహం తెలియనివాళ్లు.

పోర్ట్‌ఫోలియో (తన పనితనం చూపించే బొమ్మల కట్ట) కోసం పన్నెండు బొమ్మలు తెచ్చింది, నాలుగు తీసేయించాం. చూసేవాళ్లు పోర్ట్‌ఫోలియోను అందులోని బలహీనమైన బొమ్మతోనే కొలుస్తారు. ఎనిమిదింటినే బిహాన్స్ అనే పోర్ట్‌ఫోలియో సైట్‌లో పెట్టి, ఒక్కో దాని పక్కన క్రిటా రికార్డర్‌తో తీసిన చిన్న వీడియో జత చేసింది. ఈ రోజుల్లో 'ఇది ఏఐ బొమ్మా?' అన్న ప్రశ్న తప్పదు. లేయర్లున్న కేఆర్‌ఏ (క్రిటా సొంత) ఫైలు, వేస్తున్న వీడియో రెండూ ఉంటే నోరు నొప్పి పెట్టుకోనక్కర్లేదు.

ఉచితంగా లోగో వేసిపెట్టమని, 'నీకు పేరొస్తుంది' అని అడిగినవాళ్లు ఇద్దరు. ఇద్దరికీ వద్దని చెప్పించాం. ఒక ఆన్‌లైన్ పోటీ నిబంధనల్లో, పంపిన బొమ్మలన్నిటి హక్కులూ నిర్వాహకులవే అన్న వాక్యం కింద చిన్న అక్షరాల్లో కనిపించింది. గెలవనివాళ్ల బొమ్మలు కూడా పోతాయి దాంతో. ఆ పోటీ వదిలేసింది.

మొదటి డబ్బు పని, కాగితం పని

టిఫిన్ సెంటర్లో కార్డు చూసిన ఒకాయన గృహప్రవేశం పిలుపుకు కొత్త ఇంటి బొమ్మ అడిగాడు. ధర కంటే ముందు రాసుకోవాల్సినవి: సైజు, ఎన్ని రోజులు, ఎన్నిసార్లు మార్పులు, అడ్వాన్స్ సగం, ఫైలు ఏ రూపంలో ఇస్తారు. మార్పులు రెండుసార్లని రాసినా, ఆయన మామిడి చెట్టు ఎడమకు జరపమని, మళ్లీ కుడికి జరపమని అడిగేసరికి రెండూ అయిపోయాయి. మూడోదానికి అదనంగా తీసుకుంది. ముందే రాసుకుంది కాబట్టి గొడవ రాలేదు.

కాపీరైట్ విషయం తెలియకే కొత్తవాళ్లు ఎక్కువగా దెబ్బతింటారు. 1957 నాటి కాపీరైట్ చట్టం 17వ సెక్షన్ ప్రకారం డబ్బు తీసుకుని ఒకరి కోరిక మీద వేసిన పెయింటింగ్ లేదా పోర్ట్రెయిట్‌కు, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు వేయించుకున్నవాళ్లే. 'నేను వేశాను కాబట్టి నాదే' అన్నది ఇక్కడ చెల్లదు. అందుకని ఒక పేజీ కాగితం తయారు చేయించాం: హక్కు చిత్రకారిణిదే, ఆయన పిలుపు కార్డు మీద, తన ఇంట్లో వాడుకోవచ్చు, పోర్ట్‌ఫోలియోలో ఆమె పెట్టుకోవచ్చు. ఇద్దరి సంతకాలు. ఎప్పుడైనా హక్కులు పూర్తిగా రాసివ్వాల్సి వస్తే ఎన్నేళ్లకో, ఏ ప్రాంతానికో కూడా అందులోనే రాయాలి. రాయకపోతే చట్టం దాన్ని 5 ఏళ్లకు, భారతదేశానికి అని లెక్క కడుతుంది.

24వ వారం చివర

పూర్తయిన బొమ్మలు 23. అందులో కంటితో చూసి వేసినవి 14. ముప్పావు ఎడమ ముఖం ఇంకా వదల్లేదు, తొందరలో ఉన్నప్పుడు చెయ్యి అటే తిరుగుతుంది. జాతర వరుసలో నాలుగింటిలో మూడు ముఖాలు ఎడమకే. చేతులు బయటికొచ్చాయి, పాదాలు ఇంకా పంచె అంచు కిందే దాక్కుంటున్నాయి. తర్వాతి ఎనిమిది వారాలకు పెట్టిన పని కాణిపాకం దారిలో మామిడి కాయలు దించేవాళ్లు: నిచ్చెన మీద పాదాలు, కుడికి తిరిగిన ముఖాలు, ఆకుల సందుల్లోంచి పడే ఎండ మచ్చలు. ఈ మూడింట్లో ఒక్కో బొమ్మకు ఒక్కటే. గరుడ సేవ ఫైలు చెరిపెయ్యలేదు. దాని పేరు మాత్రం మార్చి 'తర్వాత' అని పెట్టుకుంది.